శాస్త్రపాఠమున అవగతి పరీక్ష : అధ్యాపకుని కర్తవ్యము

మన ప్రాచ్యకళాశాలలలో పాఠము చెప్పుటకు కాలపట్టిక కలదు. సంవత్సరాంతమున ప్రశ్నపత్రము కలదు. ఈ రెండింటి నడుమ జరుగవలసిన కార్యమొకటి కలదు. చెప్పిన విషయము విద్యార్థి బుద్ధిని చేరినదో లేదో ఆ పూటయే, ఆ పాఠముననే తెలిసికొనుట ఆ కార్యము. దీనిని ఈ వ్యాసమున అవగతి పరీక్ష యని వ్యవహరించుచున్నాను. దీనితో విడదీయరాని విషయము మరియొకటి కలదు. విద్యార్థి ఏ స్థాయికి రాగలడని అధ్యాపకుడు నమ్ముచున్నాడో ఆ నమ్మకమును బట్టియే అతడు వేయు ప్రశ్న యుండును. కావున అవగతి పరీక్షను, అపేక్షాస్థాయిని కలిపి విచారింపవలసియున్నది.

ఈ విచారణ నేడేల యన్నచో, ప్రశ్నోత్తరములను వల్లెవేసి పట్టము పొందిన విద్యార్థి మరునాడు బడిలో పండితుడై కూర్చుండుచున్నాడు. అతనికి తెలియని సంధిని అతడు నలువది మందికి చెప్పుచున్నాడు. ఒక తరగతిలో మనము పట్టుకొనని దోషము ఒక తరమునకు సంక్రమించుచున్నది. శాస్త్రము తాళపత్రముల శిథిలతచేత నశించుటకంటె, అర్థము తెలియని నోళ్లలో నిలిచి నశించుట ఎక్కువ ప్రమాదకరము. రెండవ విధమైన నాశము పైకి కనబడదు.

1. "అర్థమైనదా?" యను ప్రశ్న

తరగతిలో మనము మిక్కిలిగా వేయు ప్రశ్న ఇదియే. దీనికి వచ్చు సమాధానము సర్వదా ఒక్కటియే. అర్థమైనవాడు అయినదనును. కానివాడు తోటివారి యెదుట సిగ్గుపడి అయినదనును. అసలు తనకేమి కాలేదో తెలియనివాడు అందరికంటె బిగ్గరగా అయినదనును. ఈ మూడవవాని విషయము గుర్తింపదగినది. తెలియకపోవుటను తెలిసికొనుటకు సైతము కొంత తెలిసియుండవలెను గదా.

ఉపనిషత్తులలో దీనికి రెండు నిదర్శనములు కలవు. బృహదారణ్యకము పంచమాధ్యాయమున ప్రజాపతి దేవతలకు, మనుష్యులకు, అసురులకు వేర్వేరుగా "ద" యను ఒక్క అక్షరమునే ఉపదేశించెను. ఉపదేశించి, గ్రహించితిరా యని యడిగెను. వారు గ్రహించితిమని యూరకుండలేదు. ఏమి గ్రహించిరో చెప్పిరి. దేవతలు దమమనిరి, మనుష్యులు దానమనిరి, అసురులు దయ యనిరి. అటుపిమ్మటనే ప్రజాపతి, ఔను, గ్రహించితిరని అంగీకరించెను. ఇచట ప్రశ్న, శిష్యుని స్వీయవచనము, గురుని నిర్ధారణ అను మూడు అంగములు స్పష్టముగా నున్నవి. మన తరగతులలో మొదటి అంగము మాత్రమే మిగిలియున్నది.

రెండవది ఛాందోగ్యమున అష్టమాధ్యాయమునందలి ఇంద్రవిరోచన వృత్తాంతము. ఇరువురును ముప్పదిరెండేండ్లు బ్రహ్మచర్యము చేసి, ఒకే ఉపదేశమును విని, ఒకే తృప్తితో మరలిరి. విరోచనుడు ఆ తృప్తితోనే తనవారిని చేరి, దేహమే ఆత్మయని బోధించెను. ఇంద్రుడు నడిదారిలో తన గ్రహణమును తానే పరీక్షించుకొనెను. దేహము గ్రుడ్డిదైనచో ఆత్మయు గ్రుడ్డిదగునా యని శంకించి వెనుకకు వచ్చెను. అట్లు వచ్చి వచ్చి మొత్తము నూటయొక్క సంవత్సరములు శుశ్రూష చేసెను. విద్యార్థి ముఖమునందలి తృప్తి అవగతికి ప్రమాణము కాదని దీనివలన తేలుచున్నది. ఇంద్రునివలె తనను తాను పరీక్షించుకొను శిష్యుడు అరుదు. తక్కినవారి విషయమున ఆ శంకను పుట్టింపవలసిన భారము గురునిదే.

2. పరీక్షింపవలసినది ఏది?

కౌటిల్యుడు అర్థశాస్త్రమున వినయాధికారికమందు బుద్ధిగుణములను ఎనిమిదింటిని పేర్కొనెను. అవి శుశ్రూష, శ్రవణము, గ్రహణము, ధారణము, విజ్ఞానము, ఊహ, అపోహ, తత్త్వాభినివేశము. ఈ వరుసను కేవలము గుణముల పట్టికగా చదువుట వాడుక. దీనిని అధ్యాపకుడు మెట్లవరుసగా ఉపయోగించుకొనవచ్చును. విద్యార్థి ఏ మెట్టున నిలిచిపోయెనో తెలిసినచో చికిత్స సులభమగును.

పాఠమును అప్పజెప్పించుకొనుట గ్రహణధారణములను మాత్రమే పరీక్షించును. సంత చెప్పుట, వల్లెవేయించుట నిందింపదగినవి కావు. కంఠస్థము కాని సూత్రము అవసరమునకు అందదు. కాని ధారణమును చూచి విజ్ఞానమున్నదని తలచుట పొరపాటు. తెలియనిచోటికి నియమమును విస్తరింపజేయుట ఊహ. వర్తింపనిచోట దానిని ఆపుట అపోహ. ఈ రెండింటికి వేరు ప్రశ్నలు కావలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము వల్లెవేయుటకంటె భావనావగాహనకు ప్రాధాన్యమీయవలెనని చెప్పినది. మన శాస్త్రములకు ఈ మాట క్రొత్త కాదు. క్రొత్తగా కావలసినది దీని ఆచరణ.

3. ప్రశ్నించు విధానములు

(అ) ఆకాంక్షాప్రశ్నలు. ఖండాన్వయ పద్ధతిలో మొదట క్రియను పట్టుకొని, ఎవడు, దేనిని, దేనిచేత, ఎక్కడనుండి యని ఒక్కొక్క ఆకాంక్షను ప్రశ్నగా మార్చుదుము. "బాలకః గురోః ఆజ్ఞయా గ్రామాత్ ఫలాని ఆనయతి" అను వాక్యమును తీసికొందము. దీని తాత్పర్యమును తెనుగున చెప్పుమన్నచో తరగతిలో చాలమంది చెప్పగలరు. "గురోః" పంచమియా షష్ఠియా యని యడిగినచో నిజము బయటపడును. రూపము రెండింట నొక్కటియే. "ఆజ్ఞయా" అను పదముతో నన్వయించుటచేత ఇచట షష్ఠి. వెంటనే "శిష్యః గురోః వ్యాకరణమ్ అధీతే" యని మరియొక వాక్యమునిచ్చి, ఇచటనో యని యడుగవలెను. నియమపూర్వక విద్యాస్వీకారమున ఉపదేష్టకు అపాదానసంజ్ఞను విధించు 1-4-29 సూత్రము జ్ఞప్తికి వచ్చినవాడు పంచమి యనును. రానివాడు మొదటి సమాధానమునే తిరిగి చెప్పును. రెండు చిన్న వాక్యములు, మూడు నిమిషములు. కారకప్రకరణము ఎవనికి వచ్చినదో ఎవనికి రాలేదో తేటతెల్లమగును.

కావ్యపాఠమున దీనికి తోడు మరియొకటి చేయవచ్చును. కొలచెల మల్లినాథసూరి తన వ్యాఖ్యయందు సర్వమును అన్వయముఖముననే చెప్పుదుననియు, మూలమున లేనిదియు అనవసరమైనదియు వ్రాయననియు ప్రతిజ్ఞ చేసెను. విద్యార్థులు మూలమును విడిచి నేరుగా వ్యాఖ్యను చదువుటచేత ఆ మహనీయుని శ్రమ వారికి ఊతకఱ్ఱ యగుచున్నది. మొదట వ్యాఖ్యను మూయించి, శ్లోకమునకు అన్వయమును కాగితముపై వ్రాయింపవలెను. పిదప వ్యాఖ్యను తెరిపించి, తమ అన్వయము ఎచట భిన్నించెనో, ఏల భిన్నించెనో వారిచేతనే చెప్పింపవలెను. అపుడు మల్లినాథుడు వారికి సహాధ్యాయి యగును.

(ఆ) ప్రత్యుదాహరణ ప్రశ్నలు. యణ్‌సంధిని విధించు 6-1-77 సూత్రమును చెప్పితిమి. "దధి, అత్ర" అనుచోట "దధ్యత్ర" యని విద్యార్థి చెప్పును. అది పుస్తకమునందలి ఉదాహరణమే కావున దానివలన తెలియునది స్వల్పము. "నదీ, ఇయమ్" అని యిచ్చి చూడవలెను. సూత్రమును మాత్రము వల్లించినవాడు "నద్యియమ్" అనును. 6-1-101 సూత్రముచే సవర్ణదీర్ఘము యణ్‌సంధికి బాధకమగునని తెలిసినవాడు "నదీయమ్" అనును. మూడవ మెట్టున "నదీ, ఏషా" యని యొకటి, "హరీ, ఏతౌ" యని యొకటి ప్రక్కప్రక్కన వ్రాయవలెను. రెండుచోట్లను ఈకారమే, రెండుచోట్లను పరమున ఏకారమే. మొదటిచోట "నద్యేషా" యగుచున్నది, రెండవచోట సంధియే లేదు. కారణమేమి? ద్వివచనాంతమైన ఈకారమునకు 1-1-11 సూత్రముచే ప్రగృహ్యసంజ్ఞ కలదని చెప్పగలిగిన విద్యార్థికి అచ్‌సంధి ప్రకరణము కరతలామలకమైనదని మనము విశ్వసింపవచ్చును.

తెనుగు వ్యాకరణమునకును ఈ పద్ధతి చెల్లును. చిన్నయసూరి బాలవ్యాకరణమును బోధించునపుడు "మేన, అల్లుడు" అనుచోట మేనల్లుడు, మేనయల్లుడు అని రెండు రూపములును, "రాముడు, అతడు" అనుచోట రాముడతడు అని ఒక్క రూపమును ఏల కలుగుచున్నవని యడుగవలెను. అత్వసంధి బహుళము, ఉత్వసంధి నిత్యము, సంధి లేనిచోటనే యడాగమము అను మూడు విషయముల పరస్పర సంబంధము ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. విడివిడిగా మూడు సూత్రములను అప్పజెప్పినవాడు ఇచట తడబడుట తరచుగా చూచుచున్నాము.

వ్యాకరణమునకు ఉత్సర్గాపవాదములే ప్రాణమని మహాభాష్య పస్పశాహ్నికము తెలుపుచున్నది. బృహస్పతి ఇంద్రునకు వేయి దివ్యవర్షములు ప్రతిపదపాఠము చెప్పినను అంతము చేరలేదను కథ అచటిదే. ఉదాహరణములను మాత్రమే వల్లింపజేయు అధ్యాపకుడు ఆ ప్రతిపదపాఠమునే మరల ఆరంభించినవాడగుచున్నాడు. ఆయుర్దాయము మాత్రము మనకు అంత లేదు.

(ఇ) దళప్రయోజన ప్రశ్నలు. లక్షణవాక్యమునందలి ప్రతి పదమును తొలగించి చూచి, లోపమేమని యడుగుట తర్కపాఠమున పరంపరాగతము. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషములకు దీపికలో గోవు నిదర్శనముగా చెప్పబడినది. కపిలత్వమన్నచో అవ్యాప్తి, శృంగిత్వమన్నచో అతివ్యాప్తి, ఏకశఫత్వమన్నచో అసంభవము. ఇవి వచ్చిన విద్యార్థిని గోవుతోనే విడువరాదు. పుస్తకము, వృక్షము, కళాశాల అను వానిలో ఒకదానికి లక్షణము చెప్పుమని, తోటివారిని దోషములు చూపుమనవలెను. పృథివికి గంధవత్త్వము లక్షణమని చెప్పిన పిదప, పన్నీటియందు పరిమళమున్నది గదా, లక్షణము జలమునకు పోవునేమో యని ఆక్షేపింపవలెను. ఆ గంధము జలమున కలిసిన పార్థివాంశమునకు చెందినదని విద్యార్థి తన మాటలలో చెప్పగలిగినపుడు, ఆంధ్రుడైన అన్నంభట్టు శ్రమ సార్థకమైనది. ఉత్పత్తిక్షణమున ఘటమునకు గుణమే లేదు గదా యను దీపికాశంక తరువాతి మెట్టు. దానిని బాలురకు కష్టమని దాచరాదు.

(ఈ) శలాకాపరీక్ష. గ్రంథమున శలాకను గ్రుచ్చి, అది తగిలిన పత్రమునందలి విషయమును వివరింపుమనుట పూర్వుల పద్ధతి. దీనియందలి రహస్యము అనిశ్చయత. ఎచట ప్రశ్న వచ్చునో తెలియనివాడు అంతటిని చదువును. మన తరగతులలో ముందుబల్లపై కూర్చున్న ఇద్దరు ముగ్గురే సమాధానములు చెప్పుచుందురు. తక్కినవారు వారి చాటున సుఖముగా నుందురు. విద్యార్థుల పేర్లు వ్రాసిన చీటీలను ఒక డబ్బాలో నుంచి, ప్రశ్నను ముందు అందరికి వేసి, పిదప చీటీ తీయవలెను. పేరు ముందు పిలిచి ప్రశ్న తరువాత వేసినచో ఒక్కడే ఆలోచించును. ప్రశ్న ముందు వేసినచో అందరును ఆలోచింతురు. క్రమము మార్చుటవలన కలుగు ఫలమిది.

4. సమాధానమును స్వీకరించు విధము

ప్రశ్న ఎంత చక్కనిదైనను, సమాధానమును స్వీకరించుటలో దోషమున్నచో పరీక్ష వ్యర్థమగును.

మొదటిది ఓర్పు. అమెరికాలో మేరీ బడ్ రోవ్ అను విదుషి విజ్ఞానశాస్త్ర తరగతులను పరిశీలించి 1974లో ప్రకటించిన వ్యాసమున, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిదప సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని చూపెను. ఆ వ్యవధిని మూడు సెకనులకు పెంచినంతనే సమాధానములు విస్తృతములైనవి. మౌనముగా నుండువారు నోరు విప్పిరి. బాలుర విజ్ఞానపాఠమునకే మూడు సెకనులు కావలసినపుడు, సమాసవిగ్రహమునకో హేత్వాభాస నిర్ణయమునకో అంతకంటె ఎక్కువ కావలెనని వేరుగ చెప్పవలెనా? తరగతిలోని మౌనమునకు అధ్యాపకుడే ముందుగా భయపడుట తగదు.

రెండవది అర్ధోక్తిని పూర్ణోక్తిగా ఎంచకుండుట. "ఇది బహువ్రీహి యండీ" యని విద్యార్థి యనును. వెంటనే మనము, ఔను నాయనా, అన్యపదార్థము ప్రధానము గనుక బహువ్రీహి, విగ్రహమిట్లు, అని తక్కినదంతయు పూరింతుము. విద్యార్థి ఒక్క పదము చెప్పెను, పది పదములు మనము చెప్పితిమి. పుణ్యమంతయు వానికి కట్టబెట్టితిమి. ఇది వాత్సల్యమువలె కనబడును గాని వాని అజ్ఞానమును కప్పుటయే. "బాగు, సగము వచ్చినది. విగ్రహము చెప్పుము. తత్పురుషమేల కాకూడదో చెప్పుము" అని మిగిలిన సగమును వానినుండియే రాబట్టవలెను.

మూడవది, తెలియదన్నవానిని వదలివేయకుండుట. తైత్తిరీయమున భృగువల్లి ఇచట ఆదర్శము. వరుణుడు కుమారునకు బ్రహ్మలక్షణమును చెప్పి, తపస్సుచేత తెలిసికొనుమనెను. భృగువు అన్నమని, ప్రాణమని, మనస్సని, విజ్ఞానమని తెలిసికొని నాలుగు పర్యాయములు తిరిగివచ్చెను. తండ్రి ప్రతిసారియు తపస్సునకే పంపెను. తప్పనలేదు, చాలుననలేదు, ఉత్తరమును తాను చెప్పలేదు. తుదకు ఆనందమని కుమారుడే కనుగొనెను. తరగతిలో దీనికి చిన్నరూపమిది. ఒకడు తెలియదన్నచో మరియొకనిచేత చెప్పించి, మరల మొదటివాని కడకు వచ్చి, ఆ సమాధానమును క్రొత్త ఉదాహరణమునకు అన్వయింపుమనవలెను. "తెలియదు" అనుట పాఠమునుండి తప్పించుకొను ద్వారము కాదనియు, పాఠములోనికి వచ్చు ద్వారమే యనియు కొలదిదినములలో అందరును గ్రహింతురు.

5. అపేక్షాస్థాయి

"మీ కాలము వేరు. ఇపుడు వచ్చువారికి శబ్దమంజరియే రాదు. వీరికి శాస్త్రమేల, సారాంశమును తెనుగున చెప్పి నాలుగు ప్రశ్నలు గుర్తుపెట్టించిన చాలును" అను మాట అధ్యాపక మిత్రులనుండి తరచుగా వినబడుచున్నది. నేటి విద్యార్థులలో అనేకులు ఇంట సంస్కృతమును విననివారు. ఇంటర్మీడియట్‌లో మార్కులకై సంస్కృతమును తీసికొనినవారు కొందరు, కుటుంబమున మొట్టమొదట కళాశాల మెట్లెక్కినవారు కొందరు. ఇది యథార్థము. కాని యీ యథార్థమునుండి పై నిర్ణయము సిద్ధింపదు. ఆరంభస్థానము వేరైనంతమాత్రమున గమ్యస్థానము వేరు కానక్కరలేదు. నడుమ మెట్ల సంఖ్య పెరుగును, అంతియే. సారాంశముతో సరిపెట్టుట దయవలె కనబడును. నిజమునకు ఆ విద్యార్థికి శాస్త్రద్వారమును మనమే మూసి, నీకిది చాలునని చెప్పుటయే యగును.

ఈ సందర్భమున ఉత్తరరామచరిత ద్వితీయాంకమునందలి ఆత్రేయి వాక్యమును ఉదాహరించువారు కలరు. గురువు ప్రాజ్ఞునకును జడునకును విద్యను సమానముగనే యిచ్చుననియు, ఫలమునందు మాత్రము భేదము కలుగుననియు, నిర్మలమైన మణి ప్రతిబింబమును గ్రహించునట్లు మట్టిముద్ద గ్రహింపజాలదనియు దాని భావము. దీనిపై రెండు మాటలు. ఒకటి, సమానముగ నిచ్చుట అను పూర్వభాగమును మరచి ఉత్తరభాగమును మాత్రమే గ్రహించుట న్యాయము కాదు. సారాంశము మాత్రమే యిచ్చినవాడు సమానముగ నిచ్చినవాడు కాడు. రెండు, ధూళి కప్పిన మణియు మట్టిముద్దయు దూరమునుండి చూచువానికి ఒక్కరీతిగనే కనబడును. తుడిచి చూచినగాని భేదము తెలియదు. ఆ తుడుచుటయే పైన చెప్పిన పరీక్షావిధానములన్నియు. పంచతంత్రమున ముగ్గురు రాజకుమారులు మందమతులని పేరుపడినవారే. విష్ణుశర్మ వారి విషయమున ఆరు మాసముల గడువుతో ప్రతిజ్ఞ చేసెను గాని, పాఠ్యభాగమును తగ్గింపుమని రాజును కోరలేదు.

గురుని అపేక్ష శిష్యుని ఫలమును మార్చునా యను ప్రశ్నపై రోసెంతాల్, జాకబ్సన్ అను పండితులు 1968లో ఒక గ్రంథము ప్రకటించిరి. యాదృచ్ఛికముగా ఎన్నుకొనిన బాలురను గూర్చి, వీరు త్వరలో వికసింతురని ఉపాధ్యాయులకు చెప్పగా, చిన్న తరగతులలో కొందరికి వృద్ధి కనబడెనని వారి వాదము. ఆ పరిశోధన పద్ధతిపై పిమ్మట తీవ్రమైన విమర్శలు వచ్చినవి. ప్రభావపరిమాణము వివాదగ్రస్తము. కావున నమ్మినంతమాత్రమున శిష్యుడు పండితుడగునని నేననను. నమ్మకము ప్రశ్నగా మారవలెను, ప్రశ్న అభ్యాసముగా మారవలెను. అప్పుడే ఫలము.

6. ఆక్షేపసమాధానములు

ఇట్లు చేసినచో పాఠ్యప్రణాళిక పూర్తికాదందురు. ఎవనికి పూర్తికావలెనని తిరిగి ప్రశ్నింపవలసియున్నది. అధ్యాపకుని దినచర్యలో పూర్తియై విద్యార్థి బుద్ధిలో ఆరంభము కానిది పూర్తియైనట్లా? పాఠకాలములో అయిదవ వంతు పరీక్షకు కేటాయించినచో, పునశ్చరణకై తరువాత వ్యయమగు కాలము మిగులును.

పదిమందిలో ప్రశ్నించినచో విద్యార్థి అవమానపడునందురు. అందరిని సమానముగ ప్రశ్నించు తరగతిలో ప్రశ్న అవమానము కాదు. ఎపుడో ఒకనాడు ఒక్కని లేవనెత్తి యడుగుటయే అవమానము. అయినను సంకోచము మిక్కిలిగా నున్నవారికి మార్గము కలదు. పాఠాంతమున ప్రతివాడును ఒక చిన్న కాగితముపై, నేటి సూత్రమునకు పుస్తకమున లేని ఉదాహరణము నొకటి, తనకు మిగిలిన సందేహము నొకటి వ్రాసియీయవలెను. ముప్పది కాగితములను చూచుటకు పదునైదు నిమిషములు చాలును. మరునాటి పాఠము ఎచట ఆరంభింపవలెనో అవియే చెప్పును.

విశ్వవిద్యాలయ పరీక్షలో ఇవి యడుగరు గదా యని మూడవ ఆక్షేపము. అడుగకపోవుట ప్రశ్నపత్రమును కూర్చువారి లోపము. వారును మనలోనివారే. పత్రమున అయిదింట ఒక ప్రశ్నయైనను పుస్తకమున లేని ఉదాహరణముపై నుండవలెనని పాఠ్యనిర్ణాయక సంఘములలో మనము పట్టుబట్టవచ్చును. ఇందులకు వేరు నిధులు అక్కరలేదు.

ఇక సహాధ్యాయుల విషయము. విద్యయందు ఒక పాదము ఆచార్యునివలన, ఒక పాదము స్వబుద్ధివలన, ఒక పాదము సబ్రహ్మచారులవలన, ఒక పాదము కాలక్రమమున లభించునని పెద్దలందురు. మూడవ పాదమును మన కాలపట్టికలు విస్మరించినవి. పాఠశాలలలో చింతన యను పేర, చెప్పిన పాఠమును విద్యార్థులు సాయంకాలము కూడి విచారించెడివారు. పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పెడివాడు. మహాభాష్యమున విద్యోపయోగమునకు ఆగమ, స్వాధ్యాయ, ప్రవచన, వ్యవహార కాలములు నాలుగు చెప్పబడినవి. ప్రవచనము విద్యార్థిదశలోనే ఆరంభము కావలెను. వారమున కొక్క గంటయైనను చింతనకు కేటాయించి, అధ్యాపకుడు వెనుకబల్లపై కూర్చుండి వినవలెను. ఎవనికి ఏమి తెలియునో అచట తెలిసినంతగా మరియెచటను తెలియదు.

మాళవికాగ్నిమిత్రమున గణదాసహరదత్తుల వివాదము తీర్చవలసివచ్చినపుడు కౌశికి ఆ యిరువురి స్వవిద్యను మాత్రమే చూచి నిర్ణయింపబూనలేదు. వారి శిష్యుల ప్రయోగమును చూపుమనెను. విద్య తనయందు చక్కగా నుండుట ఒక గుణము, దానిని ఇతరులకు సంక్రమింపజేయుట మరియొక గుణము, రెండును గలవాడే శిక్షకులలో అగ్రగణ్యుడని ఆమె నిర్ణయము. మన పాండిత్యమునకు సన్మానములు, బిరుదములు ప్రమాణములు కావచ్చును. మన అధ్యాపకత్వమునకు ప్రమాణము మాత్రము, రేపటి పాఠమున చీటీలో పేరు వచ్చిన విద్యార్థి లేచి చెప్పు సమాధానమే.